హైదరాబాదు – ఢిల్లీ: ఎంత దూరం? ఎంత సేపు?

మాలాంటి పిల్లలకు బదిలీ అనే మాట కొత్తది కాదు. నాన్నగారికి ఆర్డరు రాగానే అమ్మ అటక మీది అట్టపెట్టెలు దింపిస్తుంది, మేము అట్లాసు తెరుస్తాము. ఈసారి హైదరాబాదు నుండి ఢిల్లీకి. "ఎంత దూరంరా?" అని అడిగింది అమ్మమ్మ. అన్నయ్య రైలు టిక్కెట్టు చూసి "సుమారు 1,670 కిలోమీటర్లు" అన్నాడు. "కాదు, 1,250" అన్నాము మేము. నిజానికి రెండూ సరైనవే. ఎలాగో చూద్దాం.

సూటి దూరం

హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, ఢిల్లీ 28.6 డిగ్రీల దగ్గర ఉన్నాయి. తేడా 11.2 డిగ్రీలు. ఒక్కో అక్షాంశ డిగ్రీకి నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. గుణిస్తే 1,243 వస్తుంది. ఢిల్లీ దాదాపు సూటిగా ఉత్తరాన ఉన్నా, కొంచెం పడమటికి జరిగి ఉంది. అందుకు ఇంకో ఏడెనిమిది కిలోమీటర్లు కలుపుకుంటే సుమారు 1,250. రెండు ఊళ్ళ రేఖాంశాలు దగ్గరగా ఉన్నప్పుడే ఈ సులువు లెక్క పనికొస్తుంది.

రైలు దూరం

రైలుకు పట్టాలే దారి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ముందు తూర్పుగా కాజీపేటకు వెళ్ళి, అక్కడ ఉత్తరానికి తిరిగి, బల్లార్షా, నాగ్‌పూర్, భోపాల్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా ఢిల్లీ చేరుతుంది. ఆ మలుపులన్నీ కలిపి 400 కిలోమీటర్లకు పైగా ఎక్కువ. ప్రయాణం సుమారు 26 గంటలు. అంటే సగటున గంటకు 64 కిలోమీటర్లు.

విమానం లెక్క

జెట్ విమానం పైకి చేరాక గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 1,250ని 800తో భాగిస్తే గంటా ముప్ఫైనాలుగు నిమిషాలు. కానీ టైంటేబుల్లో రెండుంబావు గంటలు అని ఉంటుంది. మిగతా సమయం ఏమైనట్టు?

టైంటేబుల్లోని సమయం విమానం నిలిచిన చోటు నుండి కదిలినప్పుడు మొదలై, అవతల ఆగినప్పుడు ముగుస్తుంది. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్ళడం, వంతు కోసం ఆగడం, పైకెక్కడం, దిగేటప్పుడు వేగం తగ్గించడం అన్నీ అందులోవే. విమానం అన్నివేళలా సూటిగీత మీదే పోదు కూడా.

గాలి సంగతీ ఉంది. శీతాకాలంలో ఉత్తర భారతం మీద బాగా ఎత్తున, పడమటి నుండి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. అందుకే ఢిల్లీ నుండి గువాహటికి త్వరగా చేరే విమానం, తిరుగు ప్రయాణంలో ఎక్కువ సేపు తీసుకుంటుంది. మన దారి ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి ఆ గాలి పక్కనుండి తగులుతుంది. రానూ పోనూ తేడా తక్కువ.

విమానాశ్రయానికి వెళ్ళడం, తనిఖీలు, సామాను కోసం ఎదురుచూడడం కలిపితే ఇంటి నుండి ఇంటికి ఆరేడు గంటలు.

అంతా విని అమ్మమ్మ, "అయితే పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు!" అంది. విమానం టిక్కెట్టు ధర మాత్రం మేము చెప్పలేదు. వేసవి సెలవులకు నాన్నగారు రైలుకే రిజర్వేషను చేయించారు.

మీరు వదిలి వచ్చిన ఊరు ఎంత దూరం? అట్లాసు తీసి లెక్క కట్టండి.