లోతులేని సరస్సుపై గాలి పెత్తనము

చైనా దేశమున, యాంగ్జీ నదీముఖమునకు చేరువలో తాయ్‌హూ అను సరస్సు కలదు. వైశాల్యము 2,300 చదరపు కిలోమీటర్లకు మించినను దాని సగటు లోతు 2 మీటర్లే. ఏరులెన్నో వచ్చి కలియుచున్నను, దాని జలమును దినదినము త్రిప్పునది ఆ ఏరులు కావు, గాలి.

నీటిపైని పలుచని పొర గాలి వేగములో నూటికి రెండు మూడు వంతుల వేగముతో మాత్రమే సాగును. కాని గాలి రాపిడి బలము వేగము యొక్క వర్గముననుసరించి పెరుగును గనుక, వేగము రెట్టింపైనచో బలము నాలుగింతలగును. ఇట్లు త్రోయబడిన నీరు ఎదుటి ఒడ్డున పోగై, సరస్సు మట్టమే ఏటవాలగును. లోతు తగ్గినకొలది ఈ వాలు హెచ్చును: సెకనుకు 10 మీటర్ల వేగముగల గాలి, 2 మీటర్ల లోతున 60 కిలోమీటర్లు పరచుకొన్న నీటిపై నిలకడగా వీచినచో, రెండు కొనల మట్టములకు దాదాపు అర మీటరు భేదమేర్పడును, లోతు 100 మీటర్లైనచో అది ఒక సెంటీమీటరు మాత్రమే. 1928 సెప్టెంబరు తుపానులో ఫ్లోరిడాయందలి ఓకీచోబీ సరస్సు దక్షిణపు మట్టికట్టను పొర్లి, తెంచి, రెండువేలకు పైగా జనులను బలిగొన్నది ఈ విధముననే.

అట్లు పోగైన నీరు వెనుకకు మరలు త్రోవ మిక్కిలి విచిత్రమైనది. గాలి త్రోపు నీటి ముఖముపైననే పనిచేయును గనుక, క్రింద లోతెంతయున్నను అది ఒక్కటియే. వాలువలన కలుగు ఎదురుత్రోపో, పైనుండి అడుగువరకు గల నీటినంతను పట్టును గనుక, లోతుతోపాటు పెరుగును. కావున లోతు తక్కువైన అంచులవెంట గాలియే గెలిచి నీరు దానివెంట నడచును; లోతైన నడిభాగమున వాలు గెలిచి, జలరాశి మొత్తముమీద గాలికెదురుగా మరలును. ఈ రెండును కలిసి, సరస్సున ఎదురెదురుగా తిరుగు రెండు మహాసుడులు ఏర్పడును. పైపొరలో తేలు చెత్తను మాత్రమే చూచి నీరంతయు గాలివెంట పోవుచున్నదనుకొనువాడు సగము సరస్సు విషయమున పొరపడినట్లే.

తేలునది నాచైనచో, అది పైపొరవెంటనే పోవును. వేసవిలో తాయ్‌హూపై ఆగ్నేయమునుండి వీచు గాలులు నాచును ఉత్తరపు అఖాతములలోనికి చేర్చును; వూషీ నగరము ఆ యొడ్డుననే యున్నది. అలలు అడుగు బురదను కలచి, అందలి భాస్వరమును మరల పైకి తెచ్చి ఆ నాచును పోషించును. 2007 మే నెలాఖరున ఆ నగరమున ఇరువది లక్షల జనులకు కొళాయి నీరు త్రాగుటకు పనికిరాకపోయినది. ఆ నేరమును గాలిపై మోపుట న్యాయము కాదు: నాచు నొకచోటికి చేర్చినది గాలియే యైనను, దానిని అంతగా పెంచినది కర్మాగారములు, పొలములు, పట్టణములు దశాబ్దములపాటు విడిచిన మురుగు.