కోట కింద పేట: మన ఊళ్ళు పట్టణాలైన వైనం



మన ట్రస్టు స్కాలర్‌షిప్పులు పంచిన రోజున డిగ్రీ చదివే ఒక అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. "సార్, మా పుస్తకంలో లండన్, ఆమ్‌స్టర్‌డామ్ ఎట్లా పెరిగినాయో రాసినారు. మన పావగడ ఎట్లా పెరిగిందో ఎక్కడా లేదు. మన ఊరికి చరిత్ర లేదా?" పక్కనే ఉన్న వాళ్ళ నాయన నవ్వి, "చరిత్ర కూడు పెడుతుందా సార్?" అన్నాడు. సభ ముగిసే వేళ కావడంతో ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ బాకీ ఈ వ్యాసంతో తీర్చుకుంటున్నాను.

ఆ కాలం ఏది?

చరిత్రకారులు సుమారు 1500 నుండి 1800 వరకు గల కాలాన్ని తొలి ఆధునిక యుగం అంటారు. 1500 ప్రాంతంలో యాభై వేల జనాభా ఉన్న లండన్ 1700 నాటికి ఐదు లక్షలు దాటింది. సముద్ర వ్యాపారం, రాజధాని కావడం, పల్లెల నుండి జనం పని కోసం రావడం అందుకు కారణాలు. మన వైపు అదే కాలం విజయనగర వైభవంతో మొదలై, 1799లో శ్రీరంగపట్నం పడిపోవడంతో ముగుస్తుంది. ఇక్కడ సముద్రం లేదు, పెద్ద నది లేదు, వానలూ తక్కువే. అయినా పట్టణాలు పుట్టాయి. ఎలా పుట్టాయన్నదే మన ప్రశ్న.

కోట, చెరువు, పేట

పావగడ కొండను ఒకసారి కింది నుండి పైకి చూడండి. పైన కోట, కింద ఊరు. మధుగిరి, మిడిగేసి, నిడుగల్లు, పెనుకొండ అన్నీ ఇదే తీరు. ఎక్కడానికి కష్టమైన రాతి కొండ రక్షణకు పనికొస్తుంది. ఆ బండ మీద పడిన వాన నీరు కిందికి జారి చెరువులకు, కుంటలకు చేరుతుంది. కోట, నీరు ఒకచోట కుదిరితే జనం నిలుస్తారు. కానీ అంతమాత్రాన అది పట్టణం కాదు. మూడోది కావాలి. అదే పేట, అంటే అంగడి వీధి.

కోటలోని సైనికులకు రోజూ గింజలు, నూనె, బట్ట, తోలు, ఇనుప పనిముట్లు కావాలి. వాటిని చేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు కోట కింద ఇళ్ళు కట్టుకుంటారు. ఇంకొక కారణం కూడా ఉంది. ఆ రోజుల్లో మెట్ట పొలాల పన్ను చాలాచోట్ల రొక్కంగా కట్టాలి. రైతు తన రాగులు, జొన్నలు అమ్మితేనే చేతికి డబ్బు వస్తుంది. కాబట్టి వారానికొకసారి సంత తప్పనిసరి. సంతకు వచ్చే సరుకు మీద సుంకం వసూలు చేసుకునే పాలకుడికి కూడా అది లాభమే. లంబాడీలు ఎద్దుల మందల మీద ఉప్పు, గింజలు మోసుకొచ్చేవారు. ఇలా పాలకుడు, రైతు, వ్యాపారి ముగ్గురికీ అవసరమైనచోట సంత నిలిచింది. సంత నిలిచినచోట పేట పెరిగింది.

1565లో విజయనగరం ఓడిపోయాక తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. 16వ శతాబ్దం చివర అది చంద్రగిరికి వెళ్ళేదాకా మనకు తూర్పున ఇంత దగ్గరలోనే రాజధాని ఉండేది. దాని పడమటి కొండల్లో పాలెగాళ్ళు బలపడ్డారు. పాళ్యం అంటే సేన దిగిన చోటు. దాన్ని ఏలేవాడు పాలెగాడు. రాజ్యం చిన్నదైనా ప్రతి పాలెగాడికీ ఒక కోట, ఒక చెరువు, ఒక పేట కావాలి. మన ప్రాంతంలో కొండకొక కోట ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది.

జనాన్ని పిలిచి తెచ్చుకున్నారు

పట్టణం దానంతటదే పెరిగిందనుకోవద్దు. పాలకులు జనాన్ని పిలిచి తెచ్చుకున్నారు. కొత్త పేట వేసేటప్పుడు నేతగాళ్ళకు, వ్యాపారులకు కౌలు పత్రం ఇచ్చేవారు. ఈ రోజు కౌలు అంటే భూమి గుత్తకు ఇవ్వడం. అప్పుడది ఒక హామీ పత్రం కూడా. మీరు వచ్చి ఇళ్ళు కట్టుకోండి, కొన్నేళ్ళు పన్ను అడగం, తర్వాత కూడా తక్కువే తీసుకుంటాం అని దాని సారాంశం. సంతను నిలబెట్టిన పెద్దకు పట్టణస్వామి అనే గౌరవం, మాన్యం భూమి ఇచ్చేవారు. ఇలాంటి ఏర్పాట్లు విజయనగర కాలపు శాసనాల్లో కనిపిస్తాయి.

నచ్చకపోతే ఆ జనం వెళ్ళిపోగలరు కూడా. నేతగాడికి మగ్గం, చేతిలో పని ఉంటే చాలు, ఇంకో ఊరు పిలుస్తుంది. తెలుగు నేతగాళ్ళు తమిళ దేశం దాకా వెళ్ళి స్థిరపడ్డారు. 1611లో ఇంగ్లీషు వ్యాపారులు మచిలీపట్నంలో దిగింది మన బట్ట కోసమే. మన తాలూకాలోని వై.ఎన్. హొసకోటలో పట్టుచీరలు నేసే మగ్గాల చప్పుడు వింటే, ఆ పని ఎంత దూరం ప్రయాణం చేసిందో గుర్తుకు వస్తుంది.

అప్పటి పట్టణ రూపాన్ని వీధుల పేర్లలో చూడవచ్చు. కెంపేగౌడ 1537లో కట్టించాడని చెప్పే బెంగుళూరు పాత పేటలో అక్కిపేట, కుంబారపేట, గాణిగరపేట, అరళెపేట ఉన్నాయి. బియ్యం, కుండలు, గానుగ నూనె, పత్తి. పని పేరే వీధి పేరు.

శిరా నేర్పే పాఠం

మనకు నైరుతి దిక్కున ఉన్న శిరా కథ ప్రతి విద్యార్థికీ తెలియాలి. కస్తూరి రంగప్ప నాయకుడు మొదలుపెట్టిన ఆ కోటను 1638లో బీజాపూరు సేనలు, 1687లో మొగలులు పట్టుకున్నారు. మొగలులు దాన్ని ఒక సుబాకు ముఖ్యపట్టణం చేశారు. పెనుకొండ, కోలారు, దొడ్డబళ్ళాపురం కూడా ఆ సుబాలోవే. దిలావర్ ఖాన్ కాలంలో శిరాలో యాభై వేల ఇళ్ళు ఉండేవని మైసూరు గెజెటీరులో రాశారు. ఆ లెక్క ఎక్కువ చేసి చెప్పిందే కావచ్చు. అయినా అది పెద్ద పట్టణమని మాత్రం నిజం.

తర్వాత శిరా 1757లో మరాఠాల చేతికి, 1761లో హైదరలీ చేతికి వెళ్ళింది. టిప్పు తన రాజధాని శ్రీరంగపట్నం పక్కన గంజాం అనే పేటను నింపడానికి శిరా నుండి పన్నెండు వేల కుటుంబాలను బలవంతంగా తరలించాడని అదే గెజెటీరు చెబుతుంది. కోట గోడలు శిరాలోనే ఉన్నాయి. జనం పోయారు, పట్టణం పోయింది.

గంజాం అయినా నిలిచిందా? లేదు. 1799లో టిప్పు మరణించాక రాజధాని మైసూరుకు మారింది. మరుసటి ఏడు వచ్చిన ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు, టిప్పు కాలంలో శ్రీరంగపట్నం దీవిలో ఒకటిన్నర లక్షల జనం ఉండి ఉంటారని, తాను చూసేనాటికి సుమారు 32 వేలే మిగిలారని అంచనా వేశాడు. 1809లో ఇంగ్లీషు దండు బెంగుళూరులో దిగింది. అంగళ్ళు, పనులు అటు నడిచాయి. నేటికీ అటే నడుస్తున్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. రాళ్ళు పేర్చి కోట కట్టవచ్చు గానీ పట్టణం కట్టలేం. పని, నీరు, భద్రత ఉన్నంతవరకే జనం ఉంటారు. జనం ఉన్నంతవరకే పట్టణం.

ఇప్పుడు మన వంతు

అందుకే ఇది పాత కథ కాదు. కరువు ఏడాది వస్తే మన పల్లెల్లో సగం ఇళ్ళకు తాళాలు పడి, జనం బెంగుళూరు బస్సెక్కడం మీ అందరికీ తెలుసు. ఇటీవల తిరుమణి చుట్టూ సుమారు 13 వేల ఎకరాల్లో 2050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. ఆ భూమిని రైతుల వద్ద కొనలేదు, కౌలుకే తీసుకున్నారు. భూమి ఉన్నవాడికి ఏటా డబ్బు వస్తుంది. భూమి లేని కూలివాడికి ఏం పని మిగులుతుంది? శిరా కథ తెలిసినవాడే ఈ ప్రశ్న సరిగ్గా అడగగలడు. ఆనాటి నాయనగారికి నా జవాబు ఇదే: చరిత్ర నేరుగా కూడు పెట్టకపోవచ్చు, కూడు ఎందుకు వస్తుందో ఎందుకు పోతుందో చెబుతుంది.

మన చరిత్ర పుస్తకాల్లో ఎందుకు లేదన్న ప్రశ్నకు నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. మా తాత పేటలో చిన్న అంగడి నడిపేవాడు. ఆయన లెక్కలు కడితాల్లో ఉండేవి. కడితం అంటే చింతగింజల గంజి, బొగ్గు మసి పట్టించిన గుడ్డను మడతలుగా మడిచిన పుస్తకం. బలపంతో రాసేవారు. నా చిన్నతనంలో ఇంటికి సున్నం కొట్టేటప్పుడు నేనూ మా అన్నా ఆ మసిగుడ్డలను పొయ్యిలో వేశాము. ఎవరు ఏ ఊరి నుండి ఏ సరుకు తెచ్చారో, కరువులో ఎవరికి ఎంత అప్పిచ్చారో, అన్నీ నిమిషంలో బూడిదయ్యాయి. ఆ పుస్తకాలు ఉంటే ఈ వ్యాసంలో మన పేట గురించి ఇంకా చాలా రాసి ఉండేవాణ్ణి.

కాబట్టి నా మనవులు:

1. ఇంట్లో పాత కడితాలు, తాటాకులు, దస్తావేజులు ఉంటే పారేయకండి. చదివేవాళ్ళకు చూపించండి.

2. ఊరి శాసనం రాళ్ళను బట్టలుతకడానికి వాడకండి, రంగులు పూయకండి. తుమకూరు జిల్లా శాసనాలను బి.ఎల్. రైస్ 1904లోనే ఎపిగ్రాఫియా కర్ణాటికా పన్నెండవ సంపుటంలో అచ్చు వేయించారు. అందులో మన తాలూకావి కూడా ఉన్నాయి. మీ ఊరి పేరు వెతకండి.

3. ఊరి పేరు చివర కోట, పేట, పాళ్యం, సముద్రం, హట్టి ఏది ఉందో గమనించండి. హొసకోట అంటే కన్నడంలో కొత్త కోట. ఏ పాత కోటకు అది కొత్తదో అడగండి.

4. అవ్వాతాతలను కూర్చోబెట్టుకుని పాత సంత ఎక్కడ జరిగేదో, ఏం అమ్మేవారో రాసుకోండి. మనం ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చినవాళ్ళం. రెండు భాషల్లోని రికార్డులూ చదవగల అవకాశం అందరికీ దొరకదు.

స్కాలర్‌షిప్పు తీసుకుని చదువు కోసం బెంగుళూరు వెళ్ళే పిల్లలను వెళ్ళవద్దని నేను అనను. జనం ఎప్పుడూ పని వెంటే నడిచారు. నేర్చిన పనిలో కొంతైనా మన పేటకు తిరిగి తెచ్చే దారి వెతకమని మాత్రం కోరుతున్నాను. పూర్వం పాలెగాడు కౌలు పత్రం ఇచ్చి పిలిచేవాడు. ఇప్పుడు పిలిచేది మీ ఊరే, మీ తల్లిదండ్రులే.