బోర్డు కాదు, మంచం ఆపింది

మొన్న సంక్రాంతికి ప్రొద్దుటూరు పోయినప్పుడు మా అక్క కొడుకు బంతి వెంట వీధిలోకి దూకినాడు. బండి మీద వస్తున్నది నేనే. బ్రేకు పడింది. వాడికీ టైరుకీ మధ్య జానెడు మిగిలింది. "ఏమిరా, ఆ బోర్డు కనపళ్లేదా?" అని జేజి అరుగు మీంచి అరిచింది.

తిరిగి చూస్తే నిజంగానే ఉంది. ఎర్ర అంచు త్రికోణం, లోపల ఇద్దరు పిల్లలు. మా వీధి స్కూలు వెనకే కదా! ఇంజనీరింగ్ నాలుగేళ్లూ దాని కిందే బండి పెట్టినా, ఒక్కసారీ పట్టించుకోలేదు.

మా ఆఫీసులో దీన్ని అలర్ట్ ఫెటీగ్ అంటాం. సర్వర్ రోజుకు వంద అలర్టులు పంపితే మ్యూట్ చేసేస్తాం, అసలైనది కూడా అందులోనే పోతుంది. వీధి బోర్డుదీ అదే కథ. పిల్లలు లేని అర్ధరాత్రి కూడా 'పిల్లలున్నారు' అంటుంటే కన్ను నమ్మడం మానేస్తుంది. 'పిల్లలు ఆడుకుంటున్నారు' బోర్డుతో వేగం తగ్గుతుందనడానికి ఆధారం లేదని అమెరికాలో చాలామంది ట్రాఫిక్ ఇంజనీర్లు వాటిని పెట్టరు.

ఊరికి కొత్తవాళ్ల సంగతి వేరు. జమ్మలమడుగు మీదుగా గండికోట పోయే బెంగళూరు కార్లకు మలుపు, స్కూలు ఎక్కడున్నాయో తెలియదు. వాళ్లకు బోర్డు కావాలి, ఫ్లెక్సీ చాటున దాక్కోకుండా ఉంటే! పులివెందులలో వెడల్పాటి రోడ్డెక్కితే మాత్రం బోర్డు 'నెమ్మది' అంటుంది, రోడ్డు 'పోనీ' అంటుంది. మనం వినేది రోడ్డు మాటే. 30లో పోయే బండి 50కి పెరిగితే గుద్దే శక్తి దాదాపు 2.8 రెట్లవుతుంది.

వేగం తగ్గించేది స్పీడ్ బ్రేకరే, కానీ దానికీ లెక్కుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 మార్గదర్శకాల్లో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు అని ఉండేది. మా వీధిలో ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు కుప్ప పోశారు. రంగు లేదు, బోర్డు లేదు. రాత్రిపూట నడుము విరగాల్సిందే. అసలు బోర్డు కావాల్సింది అక్కడ.

సరైన కొలతతో వేయమని, రంగు కొట్టమని వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి వచ్చాం.

జేజి అంతదాకా ఆగలేదు. స్కూలు వదిలే వేళకు నులక మంచం తెచ్చి వీధి మలుపులో ఓరగా వేసుకుని కూర్చుంటోంది. దాన్ని చూసి బండి స్లో చేయనోడు ఇంతవరకూ లేడు. నాతో సహా.