ఏడో కుర్చీ ఎక్కడుంది? యూనివర్సిటీ రోస్టరు, శాఖలు, పరిశోధన

నేను చేసే పనేంటో మా అమ్మకి చెప్పడానికి చాలా ఏండ్లు పట్టింది. 'చదువుకుంటున్ననమ్మా' అంటే 'ముప్పయి దాటినయ్, ఇంకా ఏం సదువు బిడ్డా' అనేది. పరిశోధన అంటే పోయిన వస్తువేదో వెతుకుతున్నాననుకునేది. ఒకసారి నన్ను చూడ్డానికి క్యాంపస్‌కి వచ్చినప్పుడు మా డిపార్టుమెంటు వరండాలో గోడకి బిగించిన పేర్ల బోర్డు చూపించి అడిగింది: 'వీళ్ళల్ల మనోళ్ళెవరు?' బోర్డు మీద తొమ్మిది పేర్లున్నాయి. మొదటి రెండు ప్రొఫెసర్లవి, తర్వాత మూడు అసోసియేట్ ప్రొఫెసర్లవి, ఆఖరి నాలుగు అసిస్టెంట్ ప్రొఫెసర్లవి. మనవాడు ఎనిమిదో పేరు. చూపించాను. 'గంత కిందెందుకున్నడు?' అంది.

చిన్నవాడు, కొత్తగా చేరాడు అని చెప్పి తప్పించుకున్నాను. అసలు జవాబు అది కాదు. అసలు జవాబు చెప్పాలంటే రోస్టరు గురించి చెప్పాలి. మన కార్యకర్తలు, విద్యార్థులు, చివరికి రిజర్వేషన్ మీద గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలిగిన మాస్టార్లు కూడా రోస్టరు అనగానే అదేదో ఆఫీసు గుమాస్తాల లెక్క అని వదిలేస్తారు. వదిలేసిన చోటే మన పోస్టులు పోయాయి. పోస్టులతోబాటు, ఏ విషయం మీద పరిశోధన జరగాలో చెప్పే అధికారం కూడా పోయింది.

కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం. శాతాన్ని పోస్టుగా మార్చే పట్టికే రోస్టరు. 100ని 15తో భాగిస్తే 6.66. పూర్తి పోస్టు కావాలంటే ఏడోదాకా ఆగాలి. అందుకే ఎస్సీల మొదటి పాయింటు 7. ఇదే లెక్కన ఓబీసీలకు 4, ఎస్టీలకు 14. ఎస్టీల వాటాలో అర శాతం ఉంది కాబట్టి వందతో తెగదు, 200 పాయింట్లు తీసుకుంటే తెగుతుంది: ఎస్సీలకు 30, ఎస్టీలకు 15, ఓబీసీలకు 54, మొత్తం 99. మిగిలిన 101 జనరల్. (2019 తర్వాత ఆ జనరల్లోంచి 10 శాతం అగ్రకుల పేదలకు పోయింది.) సబర్వాల్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో రోస్టరు ఖాళీకి కాక పోస్టుకి అంటుకుంది. ఎస్సీ పాయింటు మీదున్నాయన రిటైరైతే ఆ కుర్చీలోకి మళ్ళీ ఎస్సీయే రావాలి. 1997లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో ఇదంతా అమల్లోకొచ్చింది.

ఇక్కడిదాకా గొడవ లేదు. గొడవంతా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గర ఉంది. యూనివర్సిటీలో ఉన్న ప్రొఫెసర్లందర్నీ ఒకే వరుసలో నిలబెట్టి లెక్కపెట్టాలా? లేక ఫిజిక్సు వరుస వేరు, చరిత్ర వరుస వేరు, తెలుగు వరుస వేరా? మొదటిదాంట్లో యూనివర్సిటీ యూనిట్టు, రెండోదాంట్లో శాఖ యూనిట్టు. చిన్న తేడాలాగే కనిపిస్తుంది. లెక్క కట్టి చూద్దాం.

ఒక యూనివర్సిటీలో 25 శాఖలున్నాయనుకుందాం. శాఖకి ఇద్దరు ప్రొఫెసర్లు, మొత్తం 50 పోస్టులు. యూనివర్సిటీ యూనిట్టయితే ఈ 50లో ఎస్సీలకు 7, ఎస్టీలకు 3, ఓబీసీలకు 13 వస్తాయి. శాఖ యూనిట్టయితే ఏ శాఖా నాలుగో పాయింటుదాకా కూడా పోదు. మూడు వర్గాలకీ కలిపి సున్నా. 23 కుర్చీలు మాయం. అయితే ఏ శాఖ కూడా చట్టం తప్పలేదు! అందరూ న్యాయంగానే లెక్కపెట్టారు.

చిన్న శాఖల కోసం 13 పాయింట్ల రోస్టరు ఉంది కదా, పోస్టు ఖాళీ అయినప్పుడల్లా లెక్క ముందుకి జరుగుతుంది కదా అని కొందరంటారు. జరుగుతుంది, నిజమే. అదీ చూద్దాం. పై శాఖలో ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక్కొక్కరు 15 ఏండ్లు కూర్చుంటారనుకోండి. వాళ్ళు ఒకటి, రెండు పాయింట్ల వాళ్ళు. 15 ఏండ్లకి మూడు, నాలుగు వస్తారు. 30 ఏండ్లకి ఐదు, ఆరు. ఏడో పాయింటు, అంటే మొదటి దళిత ప్రొఫెసరు రావడానికి 45 ఏండ్లు. పద్నాలుగో పాయింటు మీద ఆదివాసీ ప్రొఫెసరు రావడానికి 90 ఏండ్లు. ఆ అబ్బాయి తాత కూడా ఇంకా పుట్టి ఉండడు. అసిస్టెంట్ ప్రొఫెసర్ల దగ్గర పోస్టులు కొంచెం ఎక్కువ కాబట్టి అక్కడో ఇక్కడో ఒకటి తగులుతుంది. పైకి పోయేకొద్దీ పోస్టులు తగ్గుతాయి, పాయింటు అందదు. మా అమ్మ అడిగినదానికి జవాబులో సగం ఇది.

శాఖ యూనిట్టు అనే ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చింది? దానికి చాలా గౌరవనీయమైన వాదన ఉంది. నాగపూర్ యూనివర్సిటీ కేసులో 1990లోనే సుప్రీంకోర్టు ఈ దారి పట్టింది. ఒక్కో సబ్జెక్టు ఒక్కో ప్రత్యేక జ్ఞానం, ఫిజిక్సు ప్రొఫెసర్ని చరిత్ర శాఖకి బదిలీ చెయ్యలేరు, కాబట్టి ఆ పోస్టులన్నిటినీ కలిపి లెక్కపెట్టకూడదు అనేది ఆ వాదన సారం. దీన్ని పట్టుకునే బెనారస్ హిందూ యూనివర్సిటీ నోటిఫికేషన్ మీద వచ్చిన కేసులో 2017 ఏప్రిల్లో అలహాబాద్ హైకోర్టు శాఖే యూనిట్టు అని తీర్పిచ్చింది.

వినడానికి సబబుగానే ఉంటుంది. చరిత్ర మాస్టారు క్వాంటం మెకానిక్సు చెప్పమంటే చెప్పలేడు. కానీ లెక్కపెట్టడానికి కలపడం వేరు, పాఠం చెప్పడానికి కలపడం వేరు. చరిత్ర పోస్టులోకి ఫిజిక్సు అభ్యర్థిని తీసుకోమని ఎవరూ అడగలేదు. ఆ ఇద్దరు ప్రొఫెసర్లకి జీతం స్కేలు ఒకటే, హోదా ఒకటే, నియమించే అధికారి ఒకరే, రిటైర్మెంటు వయసు ఒకటే. ఇంటి అలాట్‌మెంటు దగ్గర, సీనియారిటీ దగ్గర, డీన్ పదవుల వంతు దగ్గర వాళ్ళు ఒకే కేడరు. మన వాటా లెక్కకొచ్చేసరికి మాత్రం ఎవరి జ్ఞానం వారిది, ఎవరి శాస్త్రం వారిది. ఊళ్ళో బావులు పంచిన తెలివి ఇది.

దీనికి విరుగుడు అంతకుముందే తయారైంది. సుఖదేవ్ థోరాట్ 2006లో యూజీసీ ఛైర్మన్ అయ్యారు. ఆ ఏడే యూజీసీ యూనివర్సిటీ యూనిట్టుగా 200 పాయింట్ల రోస్టరు పాటించాలని మార్గదర్శకాలిచ్చింది. దాని లెక్క తయారుచేసిన కమిటీకి నాయకత్వం వహించింది జేఎన్‌యూ ప్రొఫెసర్ రావుసాహెబ్ కాలే. ఆయన రేడియేషన్ బయాలజీ శాస్త్రవేత్త. థోరాట్ అర్థశాస్త్రవేత్త. తమ సబ్జెక్టు గోడ దాటి చూసినవాళ్ళే ఈ గోడల గుట్టు పట్టుకున్నారని నాకనిపిస్తుంది. మార్గదర్శకం వచ్చాక కూడా చాలా చోట్ల నాన్చారనేది వేరే కథ.

అలహాబాద్ తీర్పు ఆధారంగా 2018 మార్చి 5న యూజీసీ ఆ పాత లెక్క రద్దుచేసి శాఖల లెక్క పెట్టమంది. నెలల్లోనే ఫలితం కనబడింది. మధ్యప్రదేశ్‌లోని అమర్‌కంటక్‌లో ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. పేరులోనే గిరిజనులున్నారు. అది 52 అధ్యాపక పోస్టులకి ప్రకటన ఇస్తే అందులో ఒక్కటి ఓబీసీకి, ఎస్సీకి సున్నా, ఎస్టీకి సున్నా. గొడవ పెద్దదై జులైలో నియామకాలు ఆపారు. 2019 జనవరి 22న సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలు కొట్టేసింది. అదే నెలలో, అగ్రకుల పేదల 10 శాతం కోసం రాజ్యాంగ సవరణ పార్లమెంటు ఉభయసభల్లోనూ రెండు రోజుల్లో పాసైపోయింది. మన 200 పాయింట్ల కోసం మాత్రం రోడ్డెక్కాల్సి వచ్చింది. మార్చి 5న భారత్ బంద్, మార్చి 7న ఆర్డినెన్సు, జులైలో చట్టం. కేంద్ర విద్యాసంస్థల్లో నేరు నియామకాలకి మొత్తం సంస్థే ఒక యూనిట్టు అని ఆ చట్టం చెబుతోంది.

అయితే చట్టం నాలుగో సెక్షను చదవాలి. కొన్ని సంస్థలకి ఇది వర్తించదని ఒక పట్టిక జతచేశారు. టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ, హోమీ భాభా జాతీయ సంస్థ, జాతీయ మెదడు పరిశోధనా కేంద్రం, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ, ఇలా ఎనిమిది. అన్నీ సైన్సువీ, వైద్యానివీ. సాహిత్యం, సమాజశాస్త్రం చెప్పే సంస్థ ఒక్కటీ ఆ పట్టికలో లేదు. ఐఐటీల్లో 2008 నాటి ఉత్తర్వు ఇంకా బాహాటం: హ్యుమానిటీసు, మేనేజ్‌మెంటులో అన్ని స్థాయిల్లో రిజర్వేషన్, సైన్సు, ఇంజినీరింగులో అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గరే ఆగిపోవాలి. 2019 చట్టంతో ఆ తేడా పోయింది. పోయిన మరుసటి ఏడే, ఐఐటీల్ని కూడా ఆ మినహాయింపు పట్టికలో చేర్చాలని ఒక ప్రభుత్వ కమిటీ సిఫారసు చేసింది. అంటే, దళితుడు సమాజం గురించి మాట్లాడితే ఫర్వాలేదు, పదార్థం గురించి మాట్లాడితే ప్రమాణాలు పడిపోతాయి!

ఇది పరిశోధనని ఎట్లా మారుస్తుందో చూడండి. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసరు ఒకేసారి ఎనిమిదిమంది పీహెచ్‌డీ విద్యార్థుల్ని తీసుకోవచ్చు, అసోసియేట్ ఆరుగుర్ని, అసిస్టెంట్ నలుగుర్ని. పైన లెక్కలో ఎస్సీలకి పోయిన ఏడు ప్రొఫెసరు కుర్చీలంటే 56 మంది విద్యార్థుల పరిశోధన. ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళే సెలక్షన్ కమిటీల్లో నిపుణులుగా కూర్చుంటారు, సిలబస్ రాస్తారు, సినాప్సిస్ చూసి 'ఇది మన శాఖ టాపిక్ కాదు' అంటారు. ఈ మాట నేనూ విన్నాను. కూలీకి వలసపోయిన మా వాడ మనుషుల గురించి రాస్తానంటే, ఇది పరిశోధనా లేక స్వానుభవమా అని అడిగారు. తన తాత జమీందారీ కాయితాల మీద థీసిస్ రాసినాయన్ని ఆ ప్రశ్న అడిగి ఉండరు.

తోలు సంగతి తీసుకోండి. తంగేడు చెక్క, సున్నం, కరక్కాయతో పచ్చితోలుని చెడకుండా పదును చెయ్యడం రసాయనశాస్త్రం. మాదిగ ఇండ్లలో తరతరాలుగా ఉన్న విద్య. అది సైన్సేనని 2009లో పుస్తకం రాసింది ఏ కెమిస్ట్రీ ప్రొఫెసరో కాదు, రాజనీతిశాస్త్రం చెప్పే కంచ ఐలయ్య. తంగేడు చెక్క వాసన తెలిసిన పిల్ల కెమిస్ట్రీ ప్రొఫెసరు అయితే ఆ శాఖ ఏ ప్రశ్నలు అడిగేదో ఊహించుకోవచ్చు. సంస్కృతంలోకి అట్లా వెళ్ళినామె ఒకరున్నారు, మహారాష్ట్ర దళిత రచయిత్రి కుముద్ పావ్డే. ఎంఏ మంచి మార్కులతో పాసైనా చాలాకాలం ఉద్యోగం రాలేదు. కులాంతర వివాహం తర్వాత పేరు మారాక వచ్చింది. ఆ సంగతి ఆమే రాసుకున్నారు.

మన రాష్ట్రాల మాటకొస్తే, 2019 చట్టం హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి, ఇఫ్లూకి, అనంతపురం, విజయనగరం, ములుగు కేంద్ర విశ్వవిద్యాలయాలకి వర్తిస్తుంది. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, వెంకటేశ్వర యూనివర్సిటీలకి వర్తించదు. అవి రాష్ట్ర నిబంధనల కింద ఉంటాయి. ఇక్కడ యూనిట్టు ప్రశ్న ఇప్పుడు ఇంకా పదునెక్కింది. 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2025లో రెండు రాష్ట్రాలూ ఎస్సీ వర్గీకరణ అమల్లోకి తెచ్చాయి. తెలంగాణలో 15 శాతం 1, 9, 5గా, ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5గా విడిపోయింది. వందలో ఒక్కటి వాటా ఉన్న కులాలకి ఆరుగురున్న శాఖలో ఏం దక్కుతుంది? వర్గీకరణ కోసం ముప్పై ఏండ్లు కొట్లాడినవాళ్ళు, దాన్ని వద్దన్నవాళ్ళు, ఇద్దరూ యూనిట్టు దగ్గర ఒక్క మాట మీద నిలబడక తప్పదు. చిన్న యూనిట్టులో ఇద్దరికీ దక్కేది లేదు.

యూనివర్సిటీ యూనిట్టయినా కూడా పని అయిపోదు. శాఖల్ని ఏ వరుసలో పేర్చారో దాన్నిబట్టి ఏ శాఖ కుర్చీ ఏడో పాయింటు మీద పడుతుందో తేలుతుంది. ఆ వరుస పేర్చేది రిజిస్ట్రారు ఆఫీసు. పాయింటు పడ్డాక ఇంటర్వ్యూలో 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని రాసి ఖాళీగా వదిలెయ్యొచ్చు. అట్లా వదిలేసినవాటిని జనరల్ చెయ్యడానికి వీలిచ్చే ముసాయిదా ఒకటి యూజీసీ పెట్టి, గొడవయ్యాక 2024 జనవరిలో అలాంటిదేమీ ఉండదని వివరణ ఇచ్చుకుంది. అందుకే నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఎస్సీకి ఎన్ని అని మాత్రమే చూసి ఊరుకోవద్దు. కేడరువారీగా రోస్టరు రిజిస్టరు నకలు సమాచార హక్కు కింద అడగాలి. మంజూరైన పోస్టులెన్ని, ఏ శాఖ ఏ పాయింటు మీదుంది, ఆ పాయింటు మీద ఇప్పుడెవరున్నారు, ఖాళీ ఎప్పట్నుంచి ఉంది, ఈ నాలుగూ అందులో ఉంటాయి. 'తగిన అభ్యర్థి దొరకలేదు' అన్న పోస్టుకి ఎంతమందిని ఇంటర్వ్యూకి పిలిచారో కూడా అడగండి.

మొన్న మా బోర్డు మీద మొదటి పేరు తీసేశారు. ఆయన రిటైరయ్యారు, పలక ఊడదీసిన చోట రెండు మేకు బొక్కలు మిగిలాయి. ఆయన కూర్చున్న కుర్చీ ఏ పాయింటుదని పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి అడిగాను. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇంకా పన్నెండు రోజులున్నాయి.