ముందు మట్టి, తర్వాత సున్నం

అక్కలారా! వానలు పోయినాక బతుకమ్మ పండుగ వస్తుంది. ఇల్లంతా సున్నం వేసుకుంటాం. మన సిద్దిపేట పల్లెల్లో మట్టిగోడల ఇండ్లు ఇంకా ఉన్నాయి. వానకు గోడ పెచ్చులూడుతుంది. దానిమీదనే సున్నం పూస్తే ఆగుతుందా? ఆగదు. ముందు గోడను బాగు చేయాలి.

కదిలే పెచ్చులు గీకి తీయండి. మట్టిలో వరిగడ్డి ముక్కలు కలిపి తొక్కి, ఒక రాత్రి నాననివ్వండి. గడ్డి ఎందుకు? మట్టి ఆరేటప్పుడు పగలకుండా పట్టి ఉంచుతుంది. గోడను తడిపి మట్టి మెత్తండి. బాగా ఆరనివ్వండి.

ఇక సున్నం. సున్నపురాళ్లు నీళ్లలో కుతకుత ఉడుకుతాయి. ప్లాస్టిక్ బకెట్ వద్దు. ఇనుప డబ్బాలో ముందు నీళ్లు పోయండి. తర్వాత రాళ్లు కొద్దికొద్దిగా వేయండి. పిల్లలను దగ్గరికి రానీయకండి. మర్నాడు బట్టతో వడపోయండి. పలుచగా ఒక పూత వేయండి. అది ఆరినాక రెండోది వేయండి.

సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు. కన్ను నలపవద్దు. వెంటనే మంచినీళ్లతో పావుగంటకు పైగా కడగండి. తర్వాత దవాఖానకు పోండి.

ఒక్క మాట. గోడ ఒరిగినా, వేలు దూరేంత పగిలినా మట్టి మెత్తి దాచవద్దు. ఆ పక్కన ఎవరూ పడుకోవద్దు. మేస్త్రిని పిలిచి చూపించండి. గోడ తెల్లగా ఉంటే చాలదు. గట్టిగా ఉండాలి.