నాన్నతో వెళ్లిన పాప బట్టలెక్కడ మార్చుకోవాలి?

వేసవి సెలవులొస్తే చాలు, పిల్లల్ని ఈత కొలనుకి తిప్పడం ఇళ్లల్లో ఓ పెద్ద పని. ఈత సంగతి సరే, అసలు తంటా బట్టలు మార్చుకునే గది దగ్గరే. నాలుగేళ్ల బాబుని తల్లి ఆడవాళ్ల గదిలోకి తీసుకెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు. అదే ఎనిమిదేళ్లవాడైతే అక్కడున్న ఆడపిల్లలు తువ్వాలు బిగించుకుని గోడవైపు తిరుగుతారు. ‘‘ఇంకా చిన్నవాడేనండీ’’ అంటుంది తల్లి. ఆవిడకి చిన్నవాడే, ఆ పిల్లలకి కాదుగా!

మరి ఎన్నేళ్ల వరకు ఫరవాలేదు? జపాన్‌లో ఊరందరూ వాడుకునే స్నానశాలలున్నాయి. అబ్బాయిలు ఆడవాళ్ల వైపు, అమ్మాయిలు మగవాళ్ల వైపు వెళ్లడానికి అక్కడ పదేళ్ల దాకా అభ్యంతరం ఉండేది కాదు. ఎప్పట్నుంచి సిగ్గనిపిస్తోందని పిల్లల్నే అడిగితే ఆరేళ్లు, ఏడేళ్లు అన్నవాళ్లే ఎక్కువట. దాంతో 2020లో అక్కడి ప్రభుత్వం ఆ హద్దుని ఏడేళ్లకి దించింది. పెద్దవాళ్లని కాకుండా పిల్లల్ని అడగడం నాకు నచ్చింది.

వయసు తేలినా నాన్నల అవస్థ తీరదు. ఆరేళ్ల పాపని మగవాళ్ల గదిలోకి తీసుకెళ్లలేడు, ఆడవాళ్ల గదిలోకి ఒంటరిగా పంపలేడు. ముక్కూమొహం తెలియని ఆవిడకి అప్పగించడమూ మంచిది కాదు. చివరికి తడిబట్టలతోనే స్కూటరెక్కిస్తాడు. వెళ్లేటప్పుడైతే ఇంట్లోనే ఈత డ్రెస్సు వేసి పైన గౌను తొడగొచ్చు. వచ్చేటప్పుడో? కావలసిందల్లా లోపల గడియ ఉన్న చిన్న గది, పిల్లలతో వచ్చిన అమ్మకైనా నాన్నకైనా. ఈసారి ఫీజు కట్టేముందు ఆ గది ఉందా అని అడగండి.