చేదు నాలుక - ఉప్పు చేయి - గుండె జబ్బు

ఒకే గిన్నెలో వండిన క్యాబేజీ కూరను ఇంటిల్లిపాది తిందురు. పెద్దవాడు మారు వడ్డించుకొనును. చిన్నవాడు రెండు ముద్దలు తిని, చేదుగా నున్నదని కంచము ప్రక్కకు నెట్టును. "ఎవరికీ లేని చేదు నీకెక్కడిదిరా?" అని తల్లి కసరును. నాయనమ్మ మాత్రము ఏమియు అనక తన కూరలో మరికొంచెము ఉప్పు కలుపుకొనును. వీరిలో ఎవరు అబద్ధమాడుచున్నారు? ఎవరును కాదు. వారి నాలుకలే పుట్టుకతో వేరు. ఈ భేదము ఎట్లు వచ్చినదో, దానికిని గుండె ఆరోగ్యమునకును గల సంబంధమేమో తెలిసికొనుట కూరగాయలు పండించు రైతులకును, బడిపిల్లల భోజనపు మంచిచెడ్డలు చూచు గ్రామాధికారులకును అవసరము.

1931లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఫినైల్ థయోకార్బమైడ్ అను పొడిని సీసాలో పోయుచుండగా కొంత గాలిలోనికి లేచినది. ప్రక్కనున్న నోలర్ అను శాస్త్రజ్ఞుడు ఆ పొడి చేదుగా నున్నదనెను. అంతకంటె దగ్గరగా నున్న ఫాక్సునకు ఏ రుచియు తెలియలేదు. ఇద్దరును దానిని నాలుకపై వేసికొని చూచిరి. ఒకరికి మిక్కిలి చేదు, మరియొకరికి చప్పన! మరుసటి సంవత్సరము బ్లేక్‌స్లీ అను శాస్త్రజ్ఞుడు అనేక కుటుంబములను పరీక్షించి, ఈ గుణము తల్లిదండ్రుల నుండి బిడ్డలకు వచ్చునని చూపెను. 1939లో ముగ్గురు ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఎడింబరో జంతుప్రదర్శనశాలలోని చింపాంజీలకు ఈ పరీక్ష చేయగా, వానిలో సయితము చేదు తెలిసినవియు, తెలియనివియు కనబడినవి. (ఆ పొడి ఎక్కువ మోతాదులో విషము. ఎవరును దానిని తెప్పించి ఇంటిలో పరీక్షలు చేయరాదు.)

సంకర విత్తనములతో పరిచయమున్న రైతునకు తరువాతి లెక్క క్రొత్త కాదు. ప్రతి గుణమునకు జన్యువులు జంటగా నుండును. ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి వచ్చును. చేదు తెలియుట బహిర్గత లక్షణము, తెలియకుండుట అంతర్గత లక్షణము. కావున చేదు తెలిసిన తల్లిదండ్రులిద్దరిలోను అంతర్గతముగా ఆ రెండవ రకపు జన్యువున్నచో, వారి బిడ్డలలో నలుగురికి ఒకరు చొప్పున చేదు తెలియనివారు పుట్టవచ్చును. ప్రపంచము మొత్తముమీద నూటికి సుమారు 75 మందికి ఈ చేదు తెలియునని అంచనా. చేదు తెలిసిన జన్యువులు రెండును గలవారికి, ఒకటే గలవారికంటె అది సాధారణముగా గాఢముగా తోచును.

ఈ జన్యువు 2003లో దొరికినది. అది 7వ క్రోమోసోముపై నున్నది. దాని పేరు టి.ఎ.ఎస్.2.ఆర్.38. నాలుకపై చేదును పట్టుకొను ఒక గ్రాహకమును నిర్మించుటకు ఇది అచ్చువంటిది. ఆ అచ్చులో మూడు చోట్ల మాత్రమే తేడా. ప్రోలీన్, అలనీన్, వాలీన్ అను మూడు భాగములున్న గ్రాహకము చేదును పట్టును. వాని స్థానమున వరుసగా అలనీన్, వాలీన్, ఐసోల్యూసీన్ ఉన్న గ్రాహకము పట్టలేదు.

ప్రయోగశాలలోని పొడికిని, మన కూరకును ఏమి సంబంధమని మీరడుగవచ్చును. క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, నూల్‌కోల్ - ఇవన్నియు ఆవ కుటుంబపు పైరులు. వీనిలో గ్లూకోసినోలేట్లు అను గంధకపు పదార్థములు కలవు. పురుగులు, రోగములనుండి తన్ను కాపాడుకొనుటకు మొక్క వీనిని తయారు చేసికొనును. ఆకును కోసినను, నమిలినను ఇవి విడిపోయి ఘాటు పుట్టును. ఆవపిండి ముక్కునకెక్కుట దీనివలననే. వీనిలో కొన్నింటి నిర్మాణము ఆ పొడిని పోలియుండుటచే అదే గ్రాహకము వానిని చేదుగా గ్రహించును. కాకర, మెంతికూర, వేపపువ్వు సంగతి వేరు. వాని చేదులో ప్రధాన పాత్ర ఇతర గ్రాహకములది. మనిషికి చేదును గ్రహించు గ్రాహకములు సుమారు 25 రకములు కలవు. కనుక క్యాబేజీని త్రోసివేయు పిల్లవాడు కాకరకాయ వేపుడును ఇష్టముగా తినిన ఆశ్చర్యపడవలసినది లేదు.

ఇక గుండె మాట. 1990లో మన దేశములో సంభవించిన మరణములలో నూటికి 15 గుండె, రక్తనాళముల జబ్బులవలన కలిగినవి. 2016 నాటికి ఆ సంఖ్య 28కి పెరిగినది. దీనికి కారణములు అనేకము. వానిలో కూరగాయలు తక్కువ తినుట, ఉప్పు ఎక్కువ తినుట అను రెండు మన కంచములోనివే. నాలుకచేదు ఈ రెండింటిని తాకుచున్నది. ఉప్పులోని సోడియము చేదును అణచునని 1997లో అమెరికా శాస్త్రజ్ఞులు పరీక్షలలో చూపిరి. పైన చెప్పిన నాయనమ్మ చేయుచున్నది ఇదే! ఆమెకు శాస్త్రము తెలియకపోయినను నాలుకకు తెలిసినది. అయితే ఆ ఉప్పు నాలుక దాటిన పిదప రక్తపోటును పెంచును. రక్తపోటు గుండెను, మూత్రపిండములను దెబ్బతీయును.

అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయమువారు గుండెజబ్బుకు దారితీయు కారణములు రెండుగాని, అంతకు మించిగాని ఉన్నవారిని పరిశీలించిరి. 2016లో వెల్లడించిన పరిశీలన 407 మందిపై జరిగినది. చేదును గాఢముగా గ్రహించు జన్యువు గలవారు ఉప్పు హద్దు మీరి తినుటకు అవకాశము ఇతరులకంటె దాదాపు రెండురెట్లున్నట్లు తేలినది. 2019లో వెల్లడించిన మరియొకదానిలో 175 మందిని చూడగా, అట్టివారు కూరగాయలు తక్కువ తినువారి జాబితాలో చేరుటకు అవకాశము రెండున్నర రెట్లకు పైగా నున్నది. ఇవి చిన్న పరిశీలనలు, మన ప్రాంతమువి కావు. అన్ని పరిశోధనలును ఒకే మాట చెప్పుటయు లేదు. జన్యువు నేరుగా గుండెజబ్బు తెచ్చునని ఎవరును భావింపరాదు. అది కంచములో ఏమి మిగులునో, ఏమి కలియునో నిర్ణయించుటలో ఒక చేయి వేయుచున్నది. అంతవరకు నమ్మవచ్చునని నా అభిప్రాయము. కంచము మన చేతిలోనిది.

పిల్లల విషయము ముఖ్యము. ఒకే విధమైన జన్యువులున్నను, పెద్దలకంటె పిల్లలకు చేదు ఎక్కువ తెలియునని 2005లో ప్రకటింపబడిన ఒక పరిశోధన చూపినది. కాబట్టి కూర వదలిన పిల్లవానిని కొట్టి తినిపించిన, వానికి ఆ కూరపై జీవితాంతము రోతయే మిగులును. కొద్దిగా వడ్డించి, వదలినచో మరియొకనాడు మరల వడ్డింపవలెను. ఎనిమిది, పది మారులు రుచి చూచిన పిదప చాలమంది పిల్లలు అలవాటుపడుదురు. అంగన్‌వాడీలలోను, బడి భోజనములోను క్యాబేజీని విడిగా గాక పెసరపప్పుతో కలిపి, కొబ్బరికోరుతో పోపు వేయించి వండించినచో చేదు తగ్గును. ఎక్కువసేపు ఉడికించిన గంధకపు వాసన పెరుగును. ఉడికిన నీరు పారబోసిన చేదు కొంత పోవునుగాని, దానితో 'సి' విటమినును పోవును.

ఉప్పును పొయ్యిమీద నుండగా కాక, దించు ముందు రుచి చూచి వేయుట మంచిది. చేదును విరుచుటకు చింతపండు, నిమ్మరసము, మజ్జిగ, కొద్దిపాటి నూనె కలవు. కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి పిండువారు ముక్కలను బాగుగ కడిగి, కూరలో ఆ మేరకు ఉప్పు తగ్గింపవలెను. రోజుకు ఒక్కొక్కరికి అన్నివిధముల కలిపి 5 గ్రాముల ఉప్పుకు, అనగా ఒక చిన్న చెంచాకు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయ, అప్పడము, మజ్జిగమిరపకాయలలోని ఉప్పు ఈ లెక్కలోనిదే. పండ్లు, కూరగాయలు కలిపి రోజుకు 400 గ్రాములకు తగ్గరాదని ఆ సంస్థయే చెప్పుచున్నది.

పొలములో సయితము చేదు తగ్గింపవచ్చును. ముల్లంగి, కీరదోసలకు ఎండతాకిడి, నీటి ఎద్దడి కలిగిన ఘాటు, చేదు పెరుగును. తడి ఆరిపోకుండ క్రమముగా నీరు పెట్టి, ముదురక ముందే కోయవలెను. క్యాబేజీని చలికాలపు పంటగా వేసిన రుచి బాగుండును. నెదర్లాండ్సులో 1990 ప్రాంతమున బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అను చిన్న క్యాబేజీవంటి కూర చేదునకు కారణమైన పదార్థములను గుర్తించి, చేదు తక్కువగల పాత రకములను అధిక దిగుబడి రకములతో సంకరము చేసిరి; తినువారు పెరిగిరి. అయితే చేదును పూర్తిగా తుడిచివేసిన పైరు పురుగులకు లోకువగును.

కడపటిగా ఒక హెచ్చరిక. గుండెకు మంచిదని కొందరు ఉదయమున సొరకాయ రసము త్రాగుచున్నారు. సొరకాయ చేదుగా నున్నచో అది మందు కాదు, విషము. అందలి కుకర్బిటాసిన్లు అను పదార్థములవలన వాంతులు, రక్తవిరేచనములు కలిగి, రక్తపోటు పడిపోయి ప్రాణాపాయము సంభవించినది. ముక్కను కొరికి చూడక రసము తీయరాదు. చేదు తగిలిన వెంటనే ఉమ్మివేయవలెను. పొరపాటున త్రాగినవారిని ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను. ఒక తీగకు చేదుకాయ కాచినచో ఆ తీగ కాయలను అంగడికి పంపక పారవేసి, దానినుండి విత్తనము కట్టుట మానవలెను.